లోపలి జేబులో రెండు వౌచ్‌సేఫ్‌లు

మొదలుపెట్టినప్పుడు అతని మూలధనం నలభై ఒక్క ఇంగ్లిషు మాటలు. అందులో ఇరవై తొమ్మిది వస్తువుల పేర్లు, తొమ్మిది క్రియలు, మిగిలిన మూడూ ప్లీజు, సారీ, థాంక్యూ. ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, లెక్కపెట్టకుండా ఉండటం అతనికి చేతకాదు. మెట్లెక్కితే మెట్లు, భోజనానికి కూర్చుంటే ముద్దలు, ఎదుటివాడు మాట్లాడుతుంటే ఎన్నిసార్లు గొంతు సవరించుకున్నాడో అదీ లెక్కే.

నలభై ఒక్క మాటలతో అర్జీలు రాసే బల్ల పెడతానంటే మేనమామ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వినా, తన జిరాక్సు షాపులో మెట్ల కింద నాలుగడుగుల చోటు, ఒక పాత కంప్యూటరు, పేజీకి మూడు వరుసలు ఎగ్గొట్టి అచ్చేసే ప్రింటరు ఇచ్చాడు. ఎదురుగానే పెద్దాఫీసు. నీళ్లు, దీపాలు, రోడ్లు, బస్సులు అన్నీ ఆ ఆఫీసువే. అక్కడ అర్జీ అంటే ఇంగ్లిషులోనే ఉండాలి.

అందుకని కుర్రాడు చిత్తుకాగితాల కొట్టుకు వెళ్లి ఒక నిఘంటువు తెచ్చుకున్నాడు. దానికి ముందు అట్ట లేదు. మొదటి ఇరవై అక్షరాలూ లేవు. 'యు' అక్షరం నడుమ మొదలై 'జెడ్' దగ్గర ముగుస్తుంది. అరవై రెండు పేజీలు, నూట పద్దెనిమిది క్రియలు. లోకమంతా రోజూ వాడుకునే క్రియలు చాలావరకు ముందు పేజీలతో పోయాయి. ఉన్నవాటితోనే సర్దుకోవాలి. ఆ ఉన్నవాటిలో అతని కంటికి నదరుగా కనపడింది ఒకటి: వౌచ్‌సేఫ్. దాని అర్థం దగ్గర పేజీ అంచు చిరిగిపోయి, 'పాతకాలపు క్రియ. ఇచ్చు, మంజూరు చేయు' అన్నంతవరకే మిగిలింది. ఆ తర్వాత ఒక కామా ఉంది. కామా తర్వాత కాగితం లేదు.

నెల తిరక్కుండా టీకొట్టు దగ్గర అందరూ అతన్ని డిక్షనరీ అని పిలవడం మొదలుపెట్టారు. వాళ్లు వెక్కిరింపుకే అన్నారు. అతను బిరుదనుకున్నాడు.

టీకొట్టు జిరాక్సు షాపుకీ సెలూనుకీ మధ్య ఉంది. రెండు బల్లలు, ఒక రేకు పందిరి. ఆరోజు మధ్యాహ్నం మూడింటికి అక్కడికి ఒకావిడ వచ్చింది. చూపుడువేలి కొసమీద సూది గాట్లు, భుజాన సంచి, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఊరి చివర కుట్టుషెడ్డులో పనిచేసే ఆడవాళ్లందరికీ ఆవిడ పెద్ద.

"అర్జీ బాగా రాసేదెవరు బాబాయ్?" అని టీకొట్టాయన్ని అడిగింది.

"దేనిగురించమ్మా?"

"బస్సు గురించి. మా షెడ్డు ముందునుంచే బస్సులన్నీ వెళ్తాయి, ఒక్కటీ ఆగదు. ఆగే చోటునుంచి ఇరవై నిమిషాలు నడిచి రావాలి. మూడుసార్లు ఆలస్యమైతే గేటు దగ్గరే వెనక్కి పంపేసి, మన మిషను ముందు ఇంకొకరిని కూర్చోబెడతారు. ఇరవై ఎనిమిదిమందిమి ఉండేవాళ్లం. ఈ ఏడాది ఇద్దరికి పని పోయింది." ఆవిడ మడతల కాగితం గట్టిగా పట్టుకుంది. "బస్సు ఎక్కడెక్కడ ఆగాలో ఏడాదికి ఒక్కసారే రాసుకుంటారట. అర్జీలకి రేపు సాయంత్రంతో ఆఖరు. రేపు దాటితే మళ్లీ ఏడాదే."

"మెట్ల కింద బల్ల పెట్టిన మా డిక్షనరీ, ఇదిగో ఇక్కడే టీ తాగుతున్నాడు," అన్నాడు టీకొట్టాయన. "లేదంటే వీధి చివర ప్లీడరుగారి పాత గుమాస్తా ఉన్నాడు. నలభై ఏళ్ల చెయ్యి."

నలభై ఏళ్లనగానే ఆవిడ చెప్పు ఒకటి వీధి చివరివైపు తిరిగింది. అది డిక్షనరీ చూశాడు. బల్ల పెట్టిన మూడునెలల్లో పదిహేడుమందికి రాశాడు. పదిహేడూ ఒక్కొక్కరివే. ఒకే కాగితం కింద ఇరవై ఆరు సంతకాలు ఉండే అర్జీ ఇదే మొదటిది. రెండో చెప్పు తిరిగేలోగా ఏదో ఒకటి చెయ్యాలి. అతనికి చేతనైంది చేశాడు. నోరు తెరిచాడు.

"వెళ్లండక్కా, వెళ్లండి, ఆయన చాలా మంచాయన. కాకపోతే ఆయన దగ్గర ఆ క్రియ లేదు."

"ఏ క్రియ?"

"అదే, మా సందులో నీళ్లు తెప్పించిన క్రియ."

సెలూనాయన అప్పుడే ఒక గడ్డం పూర్తిచేసి, ఒక చేతిలో కత్తి అలాగే ఉంచుకుని తువ్వాలు దులుపుకుంటూ బయటికొచ్చాడు. "మొదలైందిరా బాబూ," అని బల్లమీద చోటు చూసుకున్నాడు. రెండో బల్ల కొసన ఎవరో పెద్దావిడ అటు తిరిగి కూర్చుని టీలో బిస్కెట్టు ముంచుకుంటోంది. కళ్లజోడు దారంతో మెడలో వేలాడుతోంది. డిక్షనరీ ఆవిణ్ణి పట్టించుకోలేదు. శ్రోతలు ముగ్గురని లెక్కేసుకున్నాడు. అక్కడే అతని లెక్క మొదటిసారి తప్పింది.

"మా సందులో పధ్నాలుగు ఇళ్లక్కా. పదకొండు రోజులు కుళాయిలో చుక్క లేదు. పెద్దవాళ్లు వెళ్లి మొత్తుకున్నారు, లాభం లేదు. ఆడవాళ్లు బిందెలతో వెళ్లి కూర్చున్నారు, లాభం లేదు. పదకొండోరోజు నేను కూర్చున్నా. ఒక్క ఉత్తరం. ఒక్కటంటే ఒక్కటి. అందులో ఒకే ఒక్క క్రియ పెట్టా. ఏం పెట్టుంటానో చెప్పండి చూద్దాం."

"నీళ్లు ఇవ్వండి అని పెట్టుంటావు," అన్నాడు టీకొట్టాయన.

"గివ్వా! బాబాయ్, గివ్ అంటే ఏంటో తెలుసా నీకు? నువ్వు గ్లాసు ఇస్తావు చూడు, సగం తొణికిస్తూ, అది గివ్. గ్రాంట్ అని ఇంకోటుంది. అంటే సంతకం పెట్టి ఇవ్వడం, మొహం కూడా చూడకుండా. వాటన్నిటికీ పైన ఒకటుంది. వౌచ్‌సేఫ్! అంటే లేచి నిలబడి, చొక్కా గుండీలు పెట్టుకుని, రెండు చేతులతో ఇవ్వడం. పాతకాలపు క్రియ. ఇప్పుడెవరూ వాడరు. ఎందుకు వాడరంటారు? వాడితే తట్టుకోలేరు కనక!"

"వౌచ్..." అని సెలూనాయన ప్రయత్నించాడు.

"నువ్వు అనకన్నా, చేతిలో కత్తుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారేసరికి ముగ్గురు పనివాళ్లు గునపాలతో మా సందులో దిగారు."

ఇంతవరకు చాలావరకు నిజమే. పనివాళ్లు వచ్చింది తెల్లారేసరికి కాదు, ఐదోరోజున. అయినా కథలో ఐదురోజులు ఎవరు ఆగుతారు? వినేవాళ్లకీ పనులుంటాయి. పైగా కుట్టు అక్క చెప్పు ఇంకా అటే ఉంది.

"ముగ్గురేనా?" అన్నాడు టీకొట్టాయన.

"మొదట ముగ్గురు. వాళ్ల వెనక ఇరవై నాలుగుమంది. మొత్తం ఇరవై ఏడు. సందు వెడల్పే ఆరడుగులు కదా, అందరూ పట్టక తొమ్మిదిమంది గోడెక్కి కూర్చున్నారు. వాళ్ల మేస్త్రీ నా ఉత్తరం తలమీద పెట్టుకుని వచ్చాడు. 'ఇది రాసినవారి పాదాలెక్కడ?' అన్నాడు. 'పాదాలకేం గానీ ముందు పైపు చూడు నాయనా' అన్నా. వాళ్లు గునపం ఎత్తారో లేదో, ఇంకా దించలేదు సుమా, ఎత్తారు, అంతే, నీళ్లు బుస్సుమన్నాయి!"

"దించకుండానే?"

"క్రియ అలాంటిది మరి. ఆ ధార సంగతి చెప్పనా? బిందె పెడితే బిందె నిండలేదు, బిందె లేచింది! మా పిన్నికి పట్టిన వస్తువు వదిలే అలవాటు లేదు. ఆవిడ బిందె వదల్లేదు, బిందె ధారని వదల్లేదు. ఇద్దరూ కలిసి రెండో అంతస్తు దాకా వెళ్లారు."

కుట్టు అక్క నవ్వాపుకుంటూ, "దిగిందా పాపం?" అంది.

"దిగింది. వాల్వు మెల్లగా తగ్గించాల్సొచ్చింది. ఎనిమిది నిమిషాలు పట్టింది. పైకి వెళ్లింది కదా అని ఆరేసిన బట్టలు కూడా తీసుకుని దిగింది. అడగండి కావాలంటే."

"మీ పిన్నినేగా? పొద్దున్నే కనపడింది, ఏమీ చెప్పలేదే!" అన్నాడు సెలూనాయన.

"ఆవిడకి గొప్పలు చెప్పుకునే అలవాటు లేదన్నా. మా ఇంట్లో ఎవరికీ లేదు."

కుట్టు అక్క సంచి దించి బల్లమీద కూర్చుంది. చెప్పులు రెండూ ఇటువైపే ఉన్నాయి. అది చూసేసరికి డిక్షనరీకి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కథ ఇక్కడ ఆపేస్తే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. కానీ నవ్వే మనిషి ఎదురుగా కూర్చుంటే కోతరాయుడికి బ్రేకులు పడవు.

"అదే రోజు మధ్యాహ్నం ఫోను. ఎవరనుకున్నారు? పెద్దాఫీసులో పెద్దసారు. 'అయ్యా, మీకు దణ్ణం పెడతాను, ఆ క్రియ ఇంకోసారి వాడొద్దు, మా చెరువులో ఉన్నదే అంత' అన్నాడు. నేను పెద్దమనిషిని కదా, సరే అని ఒప్పుకున్నా. కానీ ఈ సంగతి పక్క వీధికి పొక్కింది. వాళ్ల వీధిలో దీపాలు లేవు. వచ్చి కాళ్లావేళ్లా పడ్డారు. మాటిచ్చాను కదా, ఉత్తరం రాయలేను. ఏం చేశానో తెలుసా? అగ్గిపెట్టె అంత చీటీమీద ఆ ఒక్క క్రియ రాసి, మొదటి స్తంభానికి జిగురుతో అంటించా. ముప్పై ఆరు దీపాలు ఒక్కసారి భగ్గుమన్నాయి."

"పగలా రాత్రా?" అన్నాడు టీకొట్టాయన.

"పట్టపగలు బాబాయ్! అందులో విశేషమేముంది? ముప్పై ఆరులో నాలుగు స్తంభాలకి అసలు బల్బులే లేవు. అవీ వెలిగాయి."

"ఆ వీధిలోనే మా బావమరిది ఉంటాడు," అని సెలూనాయన అంటుండగానే, "ఆయన ఇంట్లో కిటికీ వేసుకుని ఉన్నాడన్నా, చూడలేదు," అని డిక్షనరీ ముందుకు సాగిపోయాడు. "ఆ తర్వాత రైలు. ఒక ముసలాయన స్టేషనుకి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. కూతురికి కాన్పు, ఈయన వెళ్లాలి, రైలు వెళ్లిపోయింది. వెళ్లిపోవడమంటే మామూలుగా కాదు, ఏడు స్టేషన్లు దాటిపోయింది. ప్లాట్‌ఫారమ్మీద కూలబడి ఏడుస్తున్నాడు. నాకు జాలేసింది. అరచేతిలో క్రియ రాసుకుని, పట్టాల మధ్య నిలబడి చెయ్యి ఇలా ఎత్తా. ఇలా. అంతే. ఏడు స్టేషన్లూ వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. ఇంజను వెనక, గార్డు ముందు. గార్డు దిగి, 'తాతగారూ, మీరు ఎక్కలేదని చెప్పనేలేదే' అన్నాడు."

ఈసారి కుట్టు అక్క చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. టీకొట్టాయన పాలు పొంగుతున్నా చూడలేదు. డిక్షనరీకి కాళ్లు నేలమీద ఆనలేదు.

"ఇదంతా ఒక ఎత్తు. పోయిన నెల ఒక ఉత్తరం వచ్చింది నాకు. ఎక్కణ్ణుంచి? ఇంగ్లిషు పుట్టిన ఊరునుంచి! బంగారు అంచు కాగితం. అందులో ఏముందో తెలుసా? 'అయ్యా, ఆ క్రియ నిల్వ మా దగ్గర పూర్తిగా అయిపోయినది. మా తాతలు విచ్చలవిడిగా వాడేశారు. మీ దగ్గర ఇంకా ఉన్నాయని విన్నాము. దయచేసి కొన్ని పంపగలరు' అని. నా దగ్గర అప్పటికి ఐదు ఉన్నాయి. మనకి ఒక భాష ఇచ్చినవాళ్లు కదా, కాదంటే బాగుండదు. మూడు పంపించా. రిజిస్టరు పోస్టులో. ఇప్పుడిక ప్రపంచం మొత్తంమీద నా దగ్గర రెండే మిగిలాయి."

"ఏవీ, చూపించు," అన్నాడు సెలూనాయన.

డిక్షనరీ చొక్కా లోపలి జేబుమీద చెయ్యి వేసుకున్నాడు. "గాలి తగిలితే పాడవుతాయన్నా. ఒకటి నా ముసలితనానికి దాచుకున్నా. రెండోది..." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "రెండోది అక్కకి ఇచ్చేస్తా. మీ షెడ్డు ముందు బస్సు ఆగడం కాదు, ఆగిన బస్సు మీరు కదలమంటేనే కదులుతుంది."

కుట్టు అక్క నవ్వు మెల్లగా తగ్గింది. చేతిలో కాగితం మడతలు ఒక్కొక్కటే విప్పింది. సంతకాలు. కొన్ని తడబడుతూ పెట్టినవి, నాలుగైదు వేలిముద్రలు. అడుగున రెండు పేర్లు విడిగా ఉన్నాయి.

"నవ్వించావు బాబూ, మంచిదే. పొద్దుట్నుంచీ నవ్వలేదు," అంది. "ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. ఈ ఇద్దరూ గేటు బయట ఉండిపోయినవాళ్లు. ఒకమ్మాయికి చంటిపిల్ల. బస్సు ఆగితే వీళ్లని మళ్లీ తీసుకుంటానని మా షెడ్డు యజమాని అన్నాడు. నీ మాటతో బస్సు ఆగుతుందా?"

డిక్షనరీ ఆ రెండు పేర్లూ చూశాడు. ఏడు స్టేషన్ల రైలు వెనక్కి రప్పించిన నోరు రెండు పేర్ల దగ్గర తడబడింది. "ఆగుతుందక్కా," అన్నాడు. కానీ ఇందాకటినుంచీ గలగలా దొర్లినవాటిలా ఆ మాట దొర్లలేదు.

అప్పుడు రెండో బల్ల కొసనుంచి ఒక గొంతు వినపడింది.

"ఆ క్రియ నాకూ తెలుసు నాయనా."

పెద్దావిడ ఇటు తిరిగింది. బిస్కెట్టు పొడి ఒడిలోంచి దులుపుకుంది. మెడలో వేలాడే కళ్లజోడు పెట్టుకుంది.

"నేను ఎదురాఫీసులో తపాలా విప్పుతాను. ఇరవై మూడేళ్లుగా అదే పని. వచ్చిన ప్రతి ఉత్తరం చదివి, దాని సారం ఒక్క ముక్కలో పైన రాసి, ఎవరికి పోవాలో వాళ్లకి పంపాలి. మీ సందు కుళాయి ఉత్తరం విప్పింది నేనే."

డిక్షనరీ లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలీదు.

"దానిమీద నేనేం సారం రాశానో చెప్పనా?"

"కుళాయిలో... నీళ్లు లేవని అండీ?"

"ఎవరో మహారాజు మనకొక ఫిర్యాదు ప్రసాదించారు, అని."

సెలూనాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"నీ పుస్తకంలో ఆ మాటకి అర్థం ఏముంది?" అంది పెద్దావిడ. తిట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగినట్టుంది.

"ఇచ్చు, మంజూరు చేయు... కామా అండీ."

"కామా తర్వాత?"

"కామా తర్వాత కాగితం లేదండీ."

"కామా తర్వాతది నేను చెప్తాను విను. 'తనకంటె తక్కువవారికి, దయతలచి.' లేచి నిలబడి ఇవ్వడం కాదు నాయనా. కూర్చునే, కాలుమీద కాలేసుకుని, పోనీలే పాపం అని విదిలించడం. వెనకటికి రాజుగారు ఎవరితోనైనా ఒక్క మాట మాట్లాడితే, ఆ విన్నవాడు మురిసిపోయి చెప్పుకునేవాడు, నాకు ఒక్క మాట వౌచ్‌సేఫ్ చేశారని. అర్జీ పెట్టుకునేవాళ్లు కూడా వాడేవాళ్లు, తమరు మాకిది వౌచ్‌సేఫ్ చెయ్యండి అని. మన తగ్గింపు చూపించుకోవడానికి. నువ్వేం రాశావు? 'మా కుళాయి ఎండిపోయిన సంగతిని నేను మీకు వౌచ్‌సేఫ్ చేస్తున్నాను' అన్నావు. మా పెద్దసారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని మరీ నవ్వారు. నీ ఉత్తరం రెండురోజులు గోడకి అంటించి ఉంచాం. ఎవరికి మనసు బాగోకపోయినా వెళ్లి చదువుకునేవాళ్లు."

డిక్షనరీ చెవులు ఎర్రబడ్డాయి. ఇరవై ఏడుమంది పనివాళ్లు, ముప్పై ఆరు దీపాలు, ఏడు స్టేషన్లు, బంగారు అంచు కాగితం అన్నీ ఒక్కొక్కటే కూలిపోతున్నట్టనిపించింది. వాటికంటే ఎక్కువగా, కుట్టు అక్క మొహంవైపు చూడలేకపోయాడు. ఆవిడ కాగితాన్ని మళ్లీ మడుస్తున్న చప్పుడు వినపడుతోంది. ఒక మడత. రెండు.

"వీధి చివర అన్నావు కదూ బాబాయ్?" అంది ఆవిడ మెల్లగా.

టీకొట్టాయనకి జాలేసినట్టుంది. "అమ్మగారూ, అంతా కోతే అనుకుందాం. కానీ వీళ్ల సందులో నీళ్లు వచ్చిన మాట నిజమేగా? అది నేను చూశాను. మరి ఎలా వచ్చాయి?"

"నిజమే వచ్చాయి," అంది పెద్దావిడ. "వెనకవైపు వల్ల."

"దేని వెనకవైపు?"

"ఉత్తరం వెనకవైపు. మూడోరోజు దాన్ని గోడమీంచి తీసి పారేద్దామని తిరగేశాను. వెనక పెన్సిలుతో గీతలు. పధ్నాలుగు ఇళ్లు, పదకొండు రోజులు, పొద్దున ఎన్ని బిందెలు, సాయంత్రం ఎన్ని బిందెలు. నాలుగో ఇంటిదాకా రోజూ ఎంతోకొంత వస్తోంది. ఐదో ఇంటినుంచి సున్నా, సున్నా, సున్నా. నాకే అర్థమైంది. తీసుకెళ్లి మరమ్మతుల మేస్త్రీకి చూపించాను. ఆయన ముందువైపు తిప్పి చూడనైనా లేదు. తిన్నగా మీ సందుకొచ్చి, నాలుగో ఇంటికీ ఐదో ఇంటికీ మధ్య ఒకే ఒక్క చోట తవ్వించాడు. పైపు అక్కడే పగిలింది. మామూలుగా అయితే పగులు దొరికేదాకా సందంతా తవ్వేవాళ్లు, ఇంకో పదిరోజులు."

డిక్షనరీకి ఆరోజు గుర్తొచ్చింది. షాపులో తెల్లకాగితాలు అయిపోయాయి. బల్లమీద ఉన్న చిత్తు కాగితం ఒకటి తీసి ప్రింటరులో పెట్టాడు. నీళ్ల దగ్గర ఆడవాళ్లు పోట్లాడుకోకుండా ఎవరికెన్ని బిందెలో తను రాసుకున్న లెక్క అది.

"అది చిత్తండీ," అన్నాడు సిగ్గుపడిపోయి. "దాన్ని చూడకూడదు. పొరపాటున వెనక ఉండిపోయింది."

"ఇరవై మూడేళ్లలో మా ఆఫీసుకి అంత మంచి ఉత్తరం వచ్చింది లేదు," అంది పెద్దావిడ. "ఎవరు రాశారో తెలీక అడుగుతూనే ఉన్నాను. ఆ ముందువైపూ ఈ వెనకవైపూ ఒకే మనిషివని నాకు తట్టనేలేదు."

టీకొట్టాయన పొంగిపోయిన పాలకేసి చూసుకుని స్టవ్వు తగ్గించాడు.

కుట్టు అక్క మూడో మడత దగ్గర ఆగింది. పెద్దావిణ్ణి చూసింది, కుర్రాణ్ణి చూసింది. తర్వాత కాగితం మళ్లీ విప్పి అతని ముందు పెట్టింది.

"మాకు ముందువైపు వద్దు బాబూ," అంది. "వెనకవైపు రాసిపెడతావా?"

డిక్షనరీ తల ఎత్తాడు. ఆవిడ వెక్కిరించడం లేదు. అతను మెట్ల కిందికి పరిగెత్తి ఒక తెల్లకాగితం, పెన్సిలు, కొలబద్ద తెచ్చుకుని బల్లమీద కూర్చున్నాడు. నిలువుగా నాలుగు గీతలు కొట్టాడు.

"మీ షెడ్డు ముందునుంచి పొద్దున ఎన్ని బస్సులు వెళ్తాయక్కా?"

"చాలా."

"చాలా అంటే లెక్క కాదక్కా."

"పని హడావిడిలో ఎవరు లెక్కపెట్టారు నాయనా?"

"ఖాళీగా వెళ్తాయా, నిండుగానా?"

"చాలావరకు ఖాళీగానే. అదే కడుపు మండుతుంది."

"గేటు ఎన్నింటికి మూస్తారు?"

"ఎనిమిదింపావుకి. మొదటి బస్సు ఆరుంపావు ప్రాంతంలో."

"రెండుగంటలు," అన్నాడు డిక్షనరీ. మొహంలో ఎరుపు దిగి, కళ్లలో ఇంకేదో ఎక్కుతోంది. "రేపు ఆరింటికల్లా షెడ్డు దగ్గరుంటా. ఎనిమిదింపావు దాకా ప్రతి బస్సూ రాసుకుంటా. వచ్చిన టైము, లోపల ఖాళీ సీట్లు, నడిచి వస్తున్నవాళ్లు ఎంతమంది, ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యం. తొమ్మిదికి బల్ల దగ్గర కూర్చుంటే పదకొండుకల్లా అర్జీ చేతిలో ఉంటుంది. ఆఖరు ఐదింటికి. అంటే మనకి ఆరు గంటలు మిగులు." అతను పెన్సిలు కొరుకుతూ సంతకాల వైపు చూశాడు. పాత జబ్బు ఒక్కసారి తలెత్తింది. "అక్కా, ఇరవై ఆరంటే మరీ తక్కువగా కనపడుతుందేమో, నూట ఇరవై..."

పెద్దావిడ కళ్లజోడు పైనుంచి చూసింది.

"ఇరవై ఆరు," అన్నాడు డిక్షనరీ. "బయట ఉన్నవాళ్లు ఇద్దరు."

"ఐదింటిదాకా తీసుకుంటాను," అని పెద్దావిడ లేచింది. "ఐదూ ఒక్క నిమిషానికి తీసుకోను. చదివి పైకి పంపడం వరకే నా పని, బస్సు ఆపేది నేను కాదు, అది గుర్తుంచుకోండి. కానీ అలాంటి లెక్క పైకి వెళ్తే కాదనడానికి వాళ్లు కూడా లెక్కే చూపించాలి. వాళ్ల దగ్గర లేదు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఇంతకీ క్రియ ఏది పెడతావు?"

"ఆపండి, అని పెడతానండీ."

"అంతేనా?"

"అంతే. మిగతావన్నీ అంకెలే."

పెద్దావిడ తలూపి రోడ్డు దాటిపోయింది. సెలూనాయన తువ్వాలు భుజాన వేసుకుని, "తమ్ముడూ, ఇంతకీ ఆ రైలెక్కిన ముసలాయన కూతురికి ఏ పిల్ల పుట్టింది?" అన్నాడు. డిక్షనరీ చూపు రోడ్డు మలుపుమీద ఉంది. కుట్టు అక్క వెళ్లే బస్సు అప్పుడే మలుపు తిరుగుతోంది.

"పదండక్కా, నేనూ వస్తున్నా," అన్నాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "దిగే చోటునుంచి షెడ్డుదాకా దూరం ఇవాళే కొలిచేస్తే రేపటికి పని తగ్గుతుంది. మీ షెడ్డు ముందు నిలబడటానికి ఎత్తుగా ఏమైనా ఉందా? బస్సు నంబరు దూరంనుంచే కనపడాలి."

"పిట్టగోడ ఉంది."

"ఎంతెత్తు?" అంటూ చెయ్యెత్తి, బస్సు ఆపడానికి రోడ్డుమీదికి దిగాడు.